పాచి పట్టని చట్రాలు

తోడబుట్టిన మనిషి మాటా మంతీ లేకుండా లేచి వెళ్లిపోతే దాన్ని అలక అనుకోవాలా, చనువు అనుకోవాలా? ఇంత వయసు వచ్చినా, ఇన్ని పుస్తకాలు తిరగేసినా, ఇదీ జవాబని గట్టిగా చెప్పడం కుదరలేదు. పరాయివాళ్లతో చిక్కు లేదు. చెప్పి వెళ్తే మర్యాద, చెప్పకపోతే అమర్యాద. అయినవాళ్ల దగ్గరే ఈ లెక్క తలకిందులవుతుంది. రేవులో టీ కొట్టు నడిపిన అక్కనీ, ఆమె చెల్లెలు చిప్పలత్తనీ తలుచుకున్నప్పుడల్లా ఆ ప్రశ్న మళ్లీ లేచి కూర్చుంటుంది.

చిప్పలత్తకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది. అది ఆఫీసు కాగితాల మీద తప్ప ఇంకెక్కడా పనిచేయలేదు. రేవులో అందరికీ ఆమె చిప్పలత్తే, ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లకి కూడా. రాళ్లకి గుత్తులు గుత్తులుగా అంటుకుని బతికే నల్ల ఆల్చిప్పలతో ఆమెకి ఉద్యోగం. ఆ ఉద్యోగం వచ్చిన తీరు అక్కకి నిన్న జరిగినట్టు గుర్తు. నీళ్ల పరీక్షల ఆఫీసు నుంచి ఒకాయన కొట్టుకి వచ్చి, టీ తాగి, "ఆల్చిప్పల్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి" అన్నాడు. బల్లల మీద ఉన్నవాళ్లంతా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని పడీ పడీ నవ్వారు.

"గొర్రెల్ని కాస్తారు, మేకల్ని కాస్తారు. ఆల్చిప్పల్ని కాయడమేంటి సార్? పారిపోతాయా?" అన్నాడు లాంచీ నడిపే సరంగు.

వెనక గిన్నెలు తోముతున్న చెల్లెలు చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "పారిపోనివాటినైతే నేను కాస్తాను సార్. మనుషుల్ని కాసి విసిగిపోయాను" అంది.

అప్పటికి ఆమెకి ముప్పై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, "ఆల్చిప్పని చూశారా? ఒకసారి అంటుకుందంటే రాయి పగిలినా వదలదు. నాకు అంత ఓపిక లేదు" అనేది. అక్కా బావల పెరట్లో విడిగా కట్టిన గదిలో ఉండేది. కొట్టులో మూలనున్న స్టూలు ఆమెది. దాని మీద ఇంకెవరైనా కూర్చుంటే అక్క నోరు మెదపకుండా తడిగుడ్డ తెచ్చి ఆ స్టూలు తుడవడం మొదలుపెట్టేది. వాళ్లే లేచేవాళ్లు.

పని కొత్తలో అక్క ఒకసారి అడిగింది. "సీసా ముంచి నీళ్లు పట్టుకెళ్లి చూసుకోవచ్చుగా? మధ్యలో ఈ చిప్పలెందుకు?"

"సీసాలో నీళ్లు ఆ పూట మాటే చెబుతాయక్కా. ఎవడో పొద్దున వదిలింది సాయంత్రానికి ఆటుతో కొట్టుకుపోతుంది. ఆల్చిప్ప అలా కాదు. రోజంతా నీళ్లు లోపలికి లాగుతుంది, తిండి వడకట్టుకుంటుంది, మిగతాది వదిలేస్తుంది. ఆ నీళ్లలో ఏ లోహం ఉన్నా, ఏ నూనె ఉన్నా కొంచెం కొంచెం దాని కండలో నిలవుండిపోతుంది. కొన్ని వారాలయ్యాక విప్పి చూస్తే అన్ని వారాల సంగతీ చెబుతుంది."

"అంటే మా అత్తగారన్నమాట. అన్నీ కడుపులో పెట్టుకుని ఒకరోజు కక్కేది."

"మీ అత్తగారు అడక్కుండానే కక్కేది. దీన్ని ల్యాబుకి పంపాలి."

పని చూడడానికి తేలిక. బయటి దీవి దగ్గర నీళ్లు శుభ్రం. అక్కడి రాళ్ల మీంచి ఆల్చిప్పలు ఏరి, వల సంచుల్లో పోసి, సంచుల్ని ఇనుప చట్రాలకి కట్టి, తేలుడు డబ్బాల కింద వేలాడదీయాలి. రేవు మొగలో ఒకటి, మురుగు కాలవ కలిసే చోట ఒకటి, పడవల షెడ్డు ముందు ఒకటి, అక్క కొట్టులో ఉడికించి అమ్మడానికి ఆల్చిప్పలు ఏరుకునే రాళ్ల దగ్గర ఒకటి. వారాలు గడిచాక పైకి లాగి, ఆల్చిప్పల్ని ఐసు పెట్టెలో ల్యాబుకి పంపి, చట్రాల్ని పెరట్లోకి తెచ్చుకుని తీగ బ్రష్షుతో తోమాలి. సముద్రంలో దించిన ఇనుముకి పాచి, నాచు, చిన్న చిన్న గుల్లలు గజ్జిలా పట్టేస్తాయి. ఆ తోముడికి చిప్పలత్త భుజాలు పడిపోయేవి. తోముతున్నంతసేపూ సముద్రాన్ని పేరు పెట్టి తిట్టేది.

ఆమెలో అక్కకి నచ్చని గుణం ఒక్కటే. చెప్పి వెళ్లడం చేతకాదు. పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చుని టీ తాగుతుంది, పొయ్యి మీది పెద్ద గిన్నెలోంచి ఉడికిన ఆల్చిప్పలు నాలుగు తీసుకుని తింటుంది, ఖాళీ డొల్లల్ని ఒకదానిలో ఒకటి గుచ్చి బల్ల మీద పెడుతుంది. అక్క ఇటు తిరిగి అటు తిరిగేసరికి స్టూలు ఖాళీ.

"మనిషివా పిల్లివా? వెళ్లొస్తానని ఒక్క ముక్క చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"వెళ్లేది ఆ నీళ్లలోకి, వచ్చేది నీ కొంపకే. మధ్యలో చెప్పడమెందుకు?"

చిన్నప్పుడు అమ్మ తిట్టినా ఇంతే. అక్క తిట్టడం మానలేదు, చెల్లెలు మారలేదు. ఇద్దరికీ అదొక పూట గడిచే పద్ధతి.

అక్క భర్త ఆ పడవల షెడ్డులోనే రంగులు వేసేవాడు. రేవుకి రంగుల మావ. ఒట్టి ఇనుము కనపడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ఇంటి కిటికీ చువ్వలు, బకెట్టు పిడి, తలుపు గొళ్లెం, ఆఖరికి అక్క అట్లకాడ పిడి కూడా పడవ రంగుల్లోనే ఉండేవి. "నన్ను కూడా ఎప్పుడో నిద్దట్లో పూసేస్తాడు" అనేది అక్క.

అలా ఏళ్లు గడిచాక ఒకసారి రెండు చట్రాల అతుకులు ఊడిపోయాయి. ఒకటి షెడ్డు ముందు వేలాడదీసేది, ఒకటి రాళ్ల దగ్గరది. చిప్పలత్త వాటిని బావ చేతికిచ్చి, "షెడ్డులో కాస్త అతికించి పెట్టు బావా, ఎల్లుండి కట్టాలి" అంది. ఆయన అతికించి తిన్నగా సరంగు లాంచీలో వేయించేశాడు. అప్పటికే ఆమె కళ్లలో శుక్లాలు ముదిరాయి. లోకమంతా తడి గాజులోంచి చూస్తున్నట్టుండేది. మందపాటి రబ్బరు తొడుగులు వేసుకుని, అలవాటు మీద తడుముకుంటూ సంచులు కట్టి దించేసింది.

వారాల తర్వాత పైకి లాగితే ఆ రెండు చట్రాలకీ పాచి పట్టలేదు. కడిగిన కంచాల్లా వచ్చాయి. ఆ రోజు కొట్టులో చిప్పలత్త ఆనందం అంతా ఇంతా కాదు. "ఇన్నాళ్లకి సముద్రానికి నా మీద జాలి కలిగింది సరంగూ! సగం తోముడు తప్పింది" అని రెండో టీ కూడా తాగింది.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ల్యాబు మేడమ్ స్వయంగా రేవుకి వచ్చింది. నెమ్మదైన మనిషి. ఆవిడకి పడవ పడదు, లాంచీ దిగి వచ్చాక కాసేపు అక్క ఇచ్చిన నిమ్మకాయ ముక్క వాసన చూస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది. మిగతా చోట్ల ఎప్పటిలాగే ఉంది. షెడ్డు ముందు, రాళ్ల దగ్గర వేలాడదీసిన ఆల్చిప్పల్లో మాత్రం రాగి చాలా ఎక్కువగా ఉంది.

"రాగి గిన్నె మా ఇంట్లో కూడా ఉందమ్మా. ఏమవుతుంది?" అంది అక్క.

"గిన్నె వేరు, కడుపులోకి ఇంత ఇంత పోవడం వేరు. ఒక్కసారి చూసి నేను తీర్మానం చెయ్యను. మళ్లీ సంచులు వేలాడదీస్తాం. రెండోసారీ ఇంతే వస్తే షెడ్డు ఇక్కడ్నించి ఎత్తేస్తారు, ఆ రాళ్లు ఇక మూసేసినట్టే. అందాకా షెడ్డులో రంగుల పని ఆపాలి. రాళ్ల మీదివి ఏరొద్దు, అమ్మొద్దు."

సాయంత్రానికి రాళ్ల దగ్గర బోర్డు వెలిసింది. అక్క కొట్టు నడిచేది టీ వల్ల కాదు, ఆల్చిప్పల వల్ల. పెద్ద గిన్నె కడిగి గోడవారన బోర్లించింది. షెడ్డు మూతపడడంతో రంగుల మావ ఇంటి మెట్టు మీదికి చేరాడు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలూ ఒకే రోజు ఆరినట్టయింది. కొట్టులో ఎవరో అననే అన్నారు. "పేరుకి తగ్గట్టే చేసింది. చిప్పలత్త మన చేతికి చిప్ప ఇచ్చింది."

అక్క ఆ మాటకి నవ్వలేదు, కోప్పడలేదు. ఇంటికొచ్చాక పెరట్లో చెల్లెల్ని పట్టుకుంది.

"ఆ ఐసు పెట్టె లాంచీలోంచి జారిపోయిందని చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"అక్కా!"

"ఎవరికి తెలుస్తుంది? సముద్రంలో ఎన్ని పడిపోవు? ఏళ్ల తరబడి నా పొయ్యి పక్కన కూర్చుని తిన్నావే. ఇంటిగుట్టు వీధికెక్కించావు."

"నీ గిన్నెలోవి పిల్లలు కూడా తింటారక్కా. అందులో ఏముందో తెలిశాక నువ్వు మాత్రం పెట్టగలవా?"

"నీతులు నాకు చెప్పకు. నువ్వు తెచ్చినవే కదా ఆ చిప్పలు?"

"తెచ్చింది నేనే. వాటి కడుపులో రాగి పెట్టింది నేను కాదు."

అక్క లోపలికెళ్లి తలుపేసుకుంది. మర్నాడు పొద్దున చెల్లెలు కొట్టుకొచ్చింది, స్టూలు మీద కూర్చుంది, టీ తాగింది. గ్లాసు కడిగి పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి, మెల్లిగా, పరాయి ఇంటికి వచ్చిన చుట్టంలా, "వెళ్లొస్తానక్కా" అంది.

అక్క చేతిలో చెమ్చా ఆగిపోయింది. ఇన్నేళ్లు పోరినా రాని మాట. అదివరకు ఎన్నిసార్లు కావాలనుకుందో అన్నిసార్లూ గుర్తొచ్చింది. ఇప్పుడు వస్తే పంటి కింద రాయిలా ఉంది. ఆ రోజు నుంచి రోజూ అదే మాట, అదే గొంతు. తిట్టినా ఇంతకన్నా నయం అనుకుంది అక్క. కానీ తను నోరు విప్పలేదు.

ఈలోగా చిప్పలత్త కంటి ఆపరేషను రోజు వచ్చింది. ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లి, కన్నుకి కట్టుతో, సరంగు భార్య చెయ్యి పట్టుకుని వచ్చింది. కట్టు విప్పాక పూటపూటకీ చుక్కలు వేయాలి. తన కంట్లో తను వేసుకుంటే సగం చెంప మీద పడుతున్నాయి. అది చూసి అక్క సీసా లాక్కుంది. మాట్లాడకుండా ఒకళ్ల కంట్లో చుక్కలు వేయడం ఎంత కష్టమో వేసినవాళ్లకే తెలుస్తుంది. అందుకని మెట్టు మీద కూర్చున్న మొగుడు మధ్యవర్తి అయ్యాడు.

"తల వెనక్కి వాల్చమని చెప్పండి ఆవిడకి."

"మరదలా, తల వాల్చాలట."

"వాల్చానని చెప్పు బావా."

"వాల్చిందటే."

"నాకూ కళ్లున్నాయి. కన్ను ఆర్పొద్దని చెప్పండి."

"ఆర్పొద్దట. ఏమే, నాకు మెడ నొప్పెడుతోంది, అటోసారి ఇటోసారి. మీరిద్దరూ ఎదురెదురుగా ఉన్నారుగా, నేను వెళ్లి పడుకోనా?"

"కూర్చోండి!" అన్నారు అక్కచెల్లెళ్లిద్దరూ ఒకేసారి. అని, ఇద్దరూ మొహాలు తిప్పేసుకున్నారు.

రెండోసారి సంచులు కట్టడానికి ముందురోజు సాయంత్రం. ఎండ పెరటి గోడ మీదికి వాలింది. డాక్టరు కంట్లో నీళ్లు పడకూడదన్నాడు కానీ చూడొద్దనలేదని చిప్పలత్త వాదన. మూలనున్న చట్రాలు బయటికి లాగి, ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది. పాచి పట్టినవాటిని ఇంకెవరైనా తోమాలి. ఆ రెండు శుభ్రంగానే ఉన్నాయి, రేపు తిన్నగా కట్టేయొచ్చు. కొత్త కంటికి అన్నీ కొత్తగా కనపడుతున్నాయి. గోడ మీద పగులు, బావ తలలో తెల్ల వెంట్రుకలు, వంటింటి కిటికీలో చుక్కల సీసా పట్టుకుని నిలబడ్డ అక్క మొహం మీద ముడతలు. చేతిలో చట్రాన్ని వెలుగులోకి పెట్టింది. తుప్పు రంగే. కానీ తుప్పు ఇలా మెరవదు. వేలితో రాసింది. తొడుగు లేని వేలు జర్రున జారింది.

మెట్టు మీద రంగుల మావ గొంతు సవరించుకున్నాడు. "ఏంటి మరదలా, కొత్త కన్నుతో పాత ఇనుముని అంత ముద్దుగా చూస్తున్నావు?"

"దీనికి పాచి పట్టలేదేంటి బావా? ఒక్క గుల్ల కూడా అంటుకోలేదు. పక్కనున్నవి చూడు, గడ్డం పెరిగినట్టున్నాయి."

ఇన్నాళ్లుగా ఆ మాట కోసమే కాచుక్కూర్చున్న మనిషి ఒక్కసారిగా పొంగిపోయాడు.

"పట్టదు! ఇప్పుడే కాదు, రెండేళ్లయినా పట్టదు. ఎవరి చెయ్యనుకున్నావు? నువ్వు అతికించమని ఇచ్చావు. అతికించి ఊరుకుంటే నేను రంగుల మావని ఎందుకవుతాను? ఆ తోముడికి నీ భుజాలు పడిపోతున్నాయి కదాని, పడవ అడుక్కి పూసే ఎర్ర రంగు, డబ్బా అడుగు గోకి మరీ రెండు పూతలు వేశాను. నీ అంతట నువ్వే చూసి ఒక మంచి మాట అంటావని చెప్పలేదు. అనలేదు. సర్లే, పాపం కళ్లు కనపడవు కదాని నేనే సర్దుకున్నాను."

చిప్పలత్త చట్రాన్ని మెల్లిగా నేల మీద పెట్టింది. "ఆ రంగుకి పాచి ఎందుకు పట్టదు బావా? అందులో ఏముంటుంది?"

"ఏముంటుంది, రాగి. రాగి లేకపోతే గుల్లలు ఎలా చస్తా..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆయన నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. తర్వాత చిప్పలత్త నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, కొత్త కంట్లోంచి, పాత కంట్లోంచి కూడా నీళ్లు కారుతుంటే, "బావా, రెండు పూతలు! ఒకటి చాలదనుకున్నావా బావా!" అంటూ చేతికందిన తీగ బ్రష్షు ఆయన మీదికి విసిరింది. ఆయన తప్పించుకోలేదు. ఆ స్పృహ ఆయనకి లేదు.

వంటింట్లోంచి అక్క ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. "అంటే సముద్రం బాగానే ఉందా?" అంది.

"ఏమోనక్కా. బాగుండొచ్చు."

"రేపు వీటిని కట్టకే. ఒట్టు, కట్టకే."

ఇన్ని రోజుల తర్వాత అది తిన్నగా చెల్లెలితో అన్న మొదటి మాట. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఊరంతా షెడ్డుని తిట్టారు, నేను దీన్ని తిట్టాను. దొంగ మాత్రం ఇంట్లో మెట్టు మీద కూర్చుని మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తున్నాడు. ఇనుము కనపడితే చాలు, దురద!"

"సాయం చేద్దామనే కదే..." అన్నాడాయన చిన్నగా. "మరదలా, ల్యాబులో నా పేరు చెప్పాలా? ఎవరో వేశారని అంటే సరిపోదూ? రేవులో తలెత్తుకుని తిరగాలి నేను."

చిప్పలత్త అక్క వైపు చూసింది. పెట్టె జారిపోయిందని చెప్పమన్న మాట ఇద్దరి మధ్యా తిరిగి వచ్చి నిలబడింది. అక్క తల దించుకుని, "చెప్పాల్సిందే. ఆయన పేరుతో సహా" అంది.

ల్యాబు మేడమ్ అంతా విని నవ్వలేదు. ఎర్ర చట్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చట్రాలు నేనెప్పుడూ అడగలేదు. ఆల్చిప్పలు పెట్టెలో వచ్చేవి, అవే చూశాను. ఇది నా పొరపాటు కూడా" అంది. కానీ ఒక చిక్కు ఉంది. రంగు వేసిన మనిషి షెడ్డు మనిషే. షెడ్డు బతకడానికి ఇంటిల్లిపాదీ కలిసి అల్లిన కథ అని ఎవరైనా అనొచ్చు. "అందుకని ఇలా చేద్దాం. షెడ్డు ముందు, రాళ్ల దగ్గర రంగు లేని చట్రాలు కట్టండి. ఈ ఎర్ర చట్రాన్ని బయటి దీవి దగ్గర దించండి, పక్కనే ఒట్టిది ఇంకోటి. అక్కడ నీళ్లు శుభ్రమని మనకి తెలుసు. అక్కడా ఈ ఎర్రదాని ఆల్చిప్పల్లోనే రాగి వస్తే తప్పు రంగుది. రాకపోతే సముద్రానిది."

ఇది విని అక్కకి ప్రాణం సగమే లేచి వచ్చింది. మిగతా సగం ఆ సంచులతోపాటు నీళ్లలోకి దిగింది.

ఆ వారాలు గడవడం గగనమైంది. రంగుల మావ ఒక్క కుంచె ముట్టుకోలేదు. గొళ్లెం తుప్పు పట్టినా చేతులు కట్టుకుని చూశాడు. అక్కచెల్లెళ్లు మాట్లాడుకుంటున్నారు. ఉప్పు సరిపోయిందా, చుక్కలు అయిపోయాయా, గాలి ఎటుంది. అన్నీ మాట్లాడుకుంటున్నారు కానీ పొద్దున్నే టీ అయ్యాక గుమ్మం దగ్గర ఆ మాట మాత్రం తప్పడం లేదు. "వెళ్లొస్తానక్కా." కోపం లేదు ఆ మాటలో, ఎత్తిపొడుపు లేదు. అదే అక్కకి భయం. కోపమైతే చల్లారుతుంది, అలవాటైపోతే ఏం చెయ్యాలి? పొరపాటైందే, నా నోరు జారిందే అని ఒక్కసారి అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాటని అక్క రోజూ పొయ్యి దగ్గర మనసులో వేయించుకునేది, తీరా చెల్లెలు ఎదురొచ్చాక మాడ్చేసుకునేది. పెద్దదానికి చిన్నదాన్ని క్షమించమనడం ఎవరూ నేర్పలేదు.

కబురు రావాల్సిన రోజు మేడమ్ కబురు పంపలేదు, తనే వచ్చింది. లాంచీ దిగి, ఈసారి నిమ్మకాయ కూడా అడక్కుండా, సరంగు దగ్గర పానా తీసుకుని తిన్నగా రాళ్ల దగ్గరికి నడిచింది. కొట్టులో ఉన్నవాళ్లంతా గ్లాసులు చేత్తో పట్టుకునే వెనక నడిచారు. బోర్డు నట్లు ఉప్పుకి బిగుసుకుపోయాయి. రంగుల మావ ఉండబట్టలేక, "కొంచెం రంగు వేసుంటే ఇలా..." అని మొదలుపెట్టి, అక్క చూపు తగిలి ఆగాడు. చివరికి బోర్డు ఊడి వచ్చింది.

"దీవి దగ్గర ఎర్ర చట్రంలో రాగి. ఒట్టి చట్రంలో లేదు. ఇక్కడా లేదు, షెడ్డు ముందూ ఎప్పటిలాగే ఉంది. మీ సముద్రానికి ఏం కాలేదు" అంది మేడమ్. అని, అక్కడే ఒక రాయి మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. ఉప్పు గాలి పడట్లేదంది.

అక్క పరుగెత్తలేదు కానీ నడిచిందనీ అనలేం. గోడవారనున్న పెద్ద గిన్నె వెల్లకిలా తిరిగింది. లోపల ఒక సాలీడు కాపురం పెట్టుకుని ఉంటే బయటికి పంపి, తోమి, పొయ్యి మీదికి ఎక్కించింది. అందరూ తలో చెయ్యి వేసి ఏరుకొచ్చారు. మూత కింద ఆల్చిప్పలు ఒక్కొక్కటే టక్ టక్‌మని విచ్చుకుంటున్న చప్పుడుకి కొట్టంతా పొయ్యి వైపు తిరిగింది. ఆ తర్వాత మొదలైంది గోల.

"మావా, మా లాంచీ అడుగున నాచు పడుతోంది. వచ్చి సాయం చేయకు, నీకు దణ్ణం పెడతా" అన్నాడు సరంగు.

"మావని బయటి దీవి దగ్గర కట్టి వేలాడదీయాల్సింది మేడమ్. ఆయన్లో ఎంత రాగి ఉందో తేలిపోయేది."

"రెండు పూతలు వేసి మరీ!"

రంగుల మావ కాసేపు తల వంచుకుని, కాసేపు నవ్వి, చివరికి ధైర్యం వచ్చి, "ఏమన్నా అనండి. రంగు మాత్రం చెక్కు చెదరలేదు" అన్నాడు. కొట్టు పైకప్పు లేచిపోయేట్టు నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. మూల స్టూలు మీద చిప్పలత్త నవ్వుతోందో లేదో ఆవిరిలో అక్కకి సరిగ్గా కనపడలేదు.

మొదటి పళ్లెం చెల్లెలికే పట్టుకెళ్లింది. అందరికన్నా ముందు. పెద్దవి చూసి ఏరింది. బల్ల మీద పెట్టి నిలబడింది. ఇన్నాళ్లూ వేయించుకున్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"తిను" అంది.

చిప్పలత్త తల ఎత్తింది. కొత్త కన్నుతో అక్కని చూసింది, చాలాసేపు చూసింది. ఒక ఆల్చిప్ప తీసి నోట్లో వేసుకుని, "ఉప్పు మర్చిపోయావు" అంది.

"సముద్రంలో ఉన్నది చాలదా నీకు?"

"చాలదు."

అక్క ఉప్పు కోసం పొయ్యి దగ్గరికొచ్చింది. ఇప్పుడు చెప్పేస్తాను అనుకుంది. ఉప్పు ఇచ్చి, చెయ్యి పట్టుకుని, అందరూ విన్నా సరే. ఈలోగా ఎవరో టీ అడిగారు, ఎవరో ఇంకో పళ్లెం అడిగారు, మేడమ్ లాంచీ ఎక్కేముందు నిమ్మకాయ కావాలంది. అన్నీ ఇచ్చి, ఉప్పు డబ్బా పట్టుకుని వెనక్కి తిరిగింది.

స్టూలు ఖాళీ. బల్ల మీద డొల్లలు ఒకదానిలో ఒకటి గుచ్చి, ఎప్పుడూ పెట్టినట్టే, వంకర తోకలా పెట్టి ఉన్నాయి. తలుపు ఇంకా ఊగుతోంది.

అక్క గుమ్మం వైపు చెవి పెట్టి నిలబడింది. ఆ మాట వస్తుందేమోనని. తలుపు ఊగి ఊగి నిలిచింది. బయట ఆటు మొదలైంది. మేడమ్‌తో కదులుతున్న లాంచీ వెనక భాగంలో, తుప్పు పట్టిన ఒట్టి చట్రాల మధ్య, తలకి గుడ్డ చుట్టుకుని, ఇటు వీపు పెట్టి, చిప్పలత్త వెళ్లిపోతోంది.